ఆ చప్పుడు ఎవరిది, అమ్మమ్మా?

రాత్రి తొమ్మిది దాటిందంటే మా కారేపల్లిలో చప్పుళ్ళన్నీ నిద్ర లేస్తాయి. బొగ్గు గూడ్సు డోర్నకల్ వైపు కదిలిందంటే స్టేషన్ దాటేదాకా మా కిటికీ రెక్కలు వణుకుతూనే ఉంటాయి. దాని వెనకే కుక్కలు అందుకుంటాయి. అవి అలిసిపోయాక తాటిచెట్ల మీద ఎండుమట్టలు రాసుకుంటూ ఉంటాయి. నాకు ఇవన్నీ జోలపాటలే. వేసవి సెలవులకు హైదరాబాదు నుంచి వచ్చిన మా ఆరేళ్ళ మనవరాలికి కాదు. మొదటి రాత్రే దోమతెరలో నా చీర కుచ్చిళ్ళు గుప్పిట పట్టుకుని, "అమ్మమ్మా, ఎవరో వస్తున్నారు" అంది.

"ఎవరూ లేరు, పడుకో తల్లీ" అన్నాను.

మీరైనా అదే అంటారు, అందరం అనే మాటే. కానీ ఆ పిల్ల చెవికి చప్పుడు నిజంగా వినపడింది. విన్నదాన్ని లేదంటే, ఇక తనొక్కతే ఆ చప్పుడుతో మిగిలిపోతుంది. అరగంట దాకా చెమటలు కక్కుతూ దుప్పటి ముసుగులోనే ఉంది. నడి వేసవిలో, మా ఖమ్మం ఎండల కాలంలో, దుప్పటి ముసుగు!

అప్పుడు మా నాన్న గుర్తొచ్చారు. ఆయన ఇల్లందు బొగ్గు బాయిలో పనిచేశారు. మా మండలం పేరు సింగరేణి, బొగ్గు కంపెనీకి ఆ పేరు ఇక్కడి నుంచే వెళ్ళింది. 1871లో విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఇల్లందు దగ్గర బొగ్గు జాడ కనిపెట్టాక, బాయిలు తెరిచినప్పటి నుంచి మా వైపు ఎన్నో ఇళ్ళ మగవాళ్ళు చీకట్లోకి దిగి బతికారు. బాయిలో కార్మికులు పైకప్పును కర్రతో కొట్టి వింటారు. గట్టిగా మోగితే ఫర్వాలేదు. డొల్లగా మోగితే ఆ కింద నిలబడరు. చీకట్లో చప్పుడును చదవడం వాళ్ళకు ప్రాణంతో పని. అందుకేనేమో, చిన్నప్పుడు మాకు బుగులు పుడితే నాన్న "భయపడకు" అనేవారు కాదు. "ఏం చప్పుడో చూద్దాం రా" అని చెయ్యి పట్టుకుని వాకిట్లోకి తీసుకెళ్ళేవారు.

మర్నాడు రాత్రి నేనూ అదే చేశాను. ఇద్దరం వాకిట్లో నిలబడ్డాం. "ఆ గడగడ ఎవరిది?" గూడ్సు బండిది. "ఆ గలగల?" తాటిమట్టలది. తాటాకు చప్పుళ్ళకు కుందేళ్ళు బెదరవని సామెత. అయితే కుందేలుకు ఆ చప్పుడు తాటాకుదని తెలుసు. అంతలో చెలక వైపు నుంచి తీతువుపిట్ట అరిచింది. మా వైపు ఆ అరుపు వినపడితే పెద్దవాళ్ళే గుండె మీద చెయ్యి పెట్టుకుంటారు, ఎవరికో మూడిందంటారు. నిజానికి ఆ పిట్ట చెట్టు మీద గూడు కట్టదు. నేల మీదే, రాళ్ళ మధ్యే గుడ్లు పెడుతుంది. ఎండాకాలమే దానికి గుడ్ల కాలం. నక్కో కుక్కో అటు వస్తే గొంతు చించుకుని తరుముతుంది. "గుడ్లను కాసుకుంటున్న అమ్మ అది" అన్నాను. పిల్ల చాలాసేపు విని, "పాపం, రాత్రంతా నిద్రపోదా?" అంది.

చూశారా, భయం జాలిగా మారింది.

ఇది నా ఒక్కదాని అనుభవమే కాదు. 2006లో లెబనాన్ యుద్ధమప్పుడు ఇళ్ళు వదిలి శిబిరంలో ఉన్న ఇజ్రాయెల్ పిల్లలకు అవీ సదే అనే మనస్తత్వవేత్త బృందం మెత్తటి కుక్కపిల్ల బొమ్మలిచ్చింది. రెండు నుంచి ఏడేళ్ళ లోపు పిల్లలు వాళ్ళు. "ఈ కుక్కపిల్ల ఇంటికి దూరమై దిగులుగా ఉంది, నువ్వు చూసుకుంటావా?" అని అడిగారు. బొమ్మను బాగా చూసుకున్న పిల్లల్లో బెదురు, బెంగ తగ్గాయని 2008లో పీడియాట్రిక్స్ పత్రికలో రాశారు. నీకు తోడు ఉంటాను అనడం ఒక సాయం. నువ్వు దీనికి తోడు ఉండు అనడం ఇంకో సాయం, దాన్ని మనం మరిచిపోతుంటాం. మా పిల్లకు పాత చీర పేలికలతో బొమ్మ కుట్టిచ్చాను. రాత్రి చప్పుళ్ళు ఎవరివో దానికి చెప్పే పని తనదే.

అసలు ఈ బుగులు నాటేది ఎవరని అడిగితే, మనమే. అన్నం తినకపోతే బూచోడికి పట్టిస్తామంటాం. అల్లరి చేస్తే సంచిలో వేసుకుపోయేవాడు వస్తాడంటాం. ఒకప్పుడు దయ్యం రాకుండా తలుపుల మీద "ఓ స్త్రీ రేపు రా" అని రాసుకున్నాం. అక్షరాలు కూడబలుక్కుని చదవడం అప్పుడే నేర్చిన పిల్లలు అది చదివి ఏమనుకున్నారో ఎవరైనా అడిగామా? మూడు నుంచి ఆరేళ్ళ మధ్య ఊహ విచ్చుకునే వయసు. అప్పుడు మనం పగలు అన్న మాటే రాత్రి గోడ మీద నీడై నిలబడుతుంది.

మరో సంగతి. ఒక రాత్రి, పడుకున్న గంటన్నరకు పిల్ల కెవ్వున లేచి కూర్చుంది. కళ్ళు తెరిచే ఉన్నాయి, నన్ను గుర్తుపట్టలేదు. పక్కింటావిడ జడుసుకుందంది, తాయెత్తు కట్టించమంది. అది పీడకల కాదు. గాఢనిద్ర నుంచి సగం తేలినప్పుడు, రాత్రి మొదటి జాముల్లో వచ్చేది. అప్పుడు ఊపి లేపకూడదు. మంచం మీంచి పడకుండా పక్కన ఉంటే కాసేపటికి తనే ఒరిగి నిద్రపోతుంది. తెల్లారితే ఏమీ గుర్తుండదు, గుచ్చి గుచ్చి అడగక్కర్లేదు. పీడకల ఎక్కువగా తెల్లవారుజాము వైపు వస్తుంది. పిల్ల పూర్తిగా మేలుకుంటుంది, కల గుర్తుంటుంది. అప్పుడు మాత్రం ఎత్తుకోవాలి, చెప్పింది వినాలి. ఉప్పూ మిరపకాయలతో దిష్టి తీయడాన్ని నేను తప్పుపట్టను. అమ్మ చెయ్యి మూడుసార్లు తన చుట్టూ తిరగడం పిల్లకు ఊరటే. దయ్యం పట్టిందన్న మాట మాత్రం వాళ్ళ చెవిన పడనివ్వకండి.

వారాల తరబడి తగ్గకపోతే, బడికి పోనని ఏడిస్తే, మానేసిన పక్క తడపడం మళ్ళీ మొదలైతే డాక్టరుకు చూపించాలి. పిల్లను ఎవరైనా కొడుతున్నారా, చెడ్డగా తాకుతున్నారా అన్నది కూడా మెల్లగా తెలుసుకోవాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ వాళ్ళు 14416లో తెలుగులోనే మాట్లాడతారు, పైసా ఖర్చు లేదు. ఇది రాస్తుంటే నా మనసు మన్యం హాస్టళ్ళ మీదికి పోతోంది. చిన్న క్లాసుల నుంచే అమ్మకు దూరంగా వరసలుగా పడుకునే కోయ పిల్లలు, లంబాడా పిల్లలు రాత్రి ఉలిక్కిపడితే ఎవరి కుచ్చిళ్ళు పట్టుకుంటారు? అక్కడ ఒక వరండా దీపం రాత్రంతా వెలగాలి. లేచి చూసే ఒక అక్క ఉండాలి.

సెలవులయ్యాయి, మనవరాలు వెళ్ళిపోయింది. మొన్న ఫోన్ చేసింది. "అమ్మమ్మా, మా అపార్ట్‌మెంట్‌లో తెల్లారకముందే భుం అని చప్పుడొస్తుందిగా, అది ఎవరిదో తెలుసా? వాచ్‌మన్ తాత నీళ్ళ మోటరు వేస్తాడు. నాన్నను తీసుకెళ్ళి చూసొచ్చా. బొమ్మకు కూడా చెప్పా."