గుడ్డు లెక్క

ప్రధానోపాధ్యాయులకు నాయకత్వ శిక్షణ ఇస్తున్నారు, ఆ ఫలితం చూసి రమ్మని ఎడిటర్ గారు పంపారు. బెంగళూరులో కృష్ణరాజపురం వైపు ఒక సర్కారీ బడి. స్మార్ట్ బోర్డు, చిన్న పిల్లలకు ఆటపాటలతో చదువు చెప్పే నలికలి గది చూపిస్తామన్నారు. నేను వంటగది గుమ్మం దగ్గరే ఆగిపోయాను.

వంట అక్కల్లో ఒకరు రాలేదట. హెచ్చెమ్ మేడం కొంగు బిగించి ఉడికిన గుడ్లు ఒలుస్తున్నారు. బొటనవేలితో మొద్దు వైపు నొక్కి, నీళ్లలో ముంచి ఒక్క తిప్పు తిప్పితే పెంకు టోపీలా ఊడొస్తోంది. ఆవిడది ముళబాగిలు దగ్గర పల్లె. మాటంతా కోలారు తెలుగు.

ఎంతకు కొన్నారని అడిగాను.

"ఏడు రూపాయలు సార్. సర్కారు ఇచ్చేది ఆరు."

కొనడం, మోసుకురావడం, ఉడికించడం, ఒలవడం అన్నీ ఆ ఆరులోనే. కర్ణాటక బళ్లలో వారానికి రెండు రోజులుండే గుడ్డు, 2024లో అజీమ్ ప్రేమ్‌జీ ఫౌండేషన్ మిగతా నాలుగు రోజుల ఖర్చు భరించడంతో ఆరు రోజులకు పెరిగింది. మంచి పనే, పిల్లల కంచాల్లో కనిపిస్తోంది. కానీ చలికాలం రేటు పెరిగితే ఆ తేడా హెచ్చెమ్ నెత్తిన పడుతుంది. తప్పించుకోవడానికి అందరికీ తెలిసిన దారి ఒకటుంది: బడికి రాని పిల్లలు కూడా తిన్నట్టు రాసేయడం. ఎవరి జేబూ చిల్లు పడదు, రిజిస్టర్ ముచ్చటగా ఉంటుంది.

ఈవిడ ఆ దారిన పోలేదు. స్టాఫ్ రూమ్ బోర్డు మీద ఆ రోజు కొన్న రేటు, వచ్చిన డబ్బు, తేడా, ఆ తేడా ఎవరు భరించారు అన్నీ రాస్తారు. బడి కమిటీ (ఎస్‌డీఎంసీ) సమావేశానికి వచ్చే తల్లిదండ్రులూ చదువుతారు. టెంపో నడిపే ఒక తండ్రి అది చదివే, కాస్త తక్కువకిచ్చే హోల్‌సేల్ కొట్టు చూపించాడట.

"మేడం నిజాయితీకి మా చేతి చమురు వదులుతోంది," అని ఒక కుర్ర టీచరు ఇంకొకరితో గొణగడం విన్నాను. కదిపితే నవ్వేశాడు. "ముందు పనిచేసిన బడిలో సంతకం పెట్టు అనేవాళ్లు సార్. ఇక్కడ చదివి పెట్టు అంటారు."

ఆ మాట వింటే ఒక పుస్తకం గుర్తొచ్చింది. షికాగో ప్రభుత్వ బళ్లను ఏళ్ల తరబడి పరిశీలించి పరిశోధకులు బ్రైక్, ష్నైడర్ 2002లో రాసినది. పెద్దలకు ఒకరి మీద ఒకరికి గట్టి నమ్మకమున్న బళ్లు చదువులో మెరుగుపడే అవకాశం రెండింట ఒకటి, అది లేనిచోట ఏడింట ఒకటి అని తేల్చారు. చెప్పిన మాటకీ చేసిన పనికీ పొంతన ఉండటం ఆ నమ్మకంలో ఒక పాలు. శిక్షణలోనూ ఇదే చెప్పి ఉంటారు కదా అని మేడంతో అన్నాను. "బాగా చెప్పినారు సార్. గుడ్డు రేటు అడిగితే మాత్రం అది మా సబ్జెక్టు కాదనిరి."

నాకు చిర్రెత్తింది. టీచర్లనైతే ఎవరూ నమ్మరు; అయ్యవార్లు బడి ఎగ్గొడతారన్నది ఊరందరి అభిప్రాయం. గుడ్ల ఖర్చు భరిస్తున్న ఆ అజీమ్ ప్రేమ్‌జీ ఫౌండేషనే ఆరు రాష్ట్రాల్లో 619 బళ్లు చూసి 2017లో వేసిన లెక్కలో, ఏ కారణమూ లేకుండా రానివాళ్లు 2.5 శాతమే. సెలవులూ సర్కారీ డ్యూటీలూ కలిపితేనే అది 18.5 అయింది. 2025 దసరాకు కర్ణాటకలో కులగణన సర్వే కోసం టీచర్లను ఇల్లిల్లూ తిప్పారు. పని తెమలక బడి సెలవులే అక్టోబరు 18 దాకా పొడిగించారు. జనగణన, విపత్తు సాయం, ఎన్నికలు తప్ప వేరే పనికి టీచర్లను వాడొద్దని విద్యాహక్కు చట్టం 27వ సెక్షన్ అంటోంది. రాష్ట్రం తలలు లెక్కపెట్టడానికి పనికొచ్చిన మనిషి గుడ్లు లెక్కపెడితే మాత్రం అనుమానమే. ఆ అనుమానానికి తోడు, అబద్ధం రాస్తేనే గిట్టుబాటయ్యే రేటు. ఇన్ని పెట్టుకుని, నైతిక నాయకత్వం మీద పీపీటీ వేస్తారు!

గుడ్డు ధర దాచిన సంగతేం కాదు. జాతీయ గుడ్ల సమన్వయ కమిటీ (ఎన్ఈసీసీ) బెంగళూరు రేటు రోజూ ప్రకటిస్తుంది. బిల్లును ఆ అంకెకు ముడిపెట్టడానికి ఏ శిక్షణా అక్కర్లేదు, ఒక్క ఉత్తర్వు చాలు.

మీ గురించి రాస్తాను, పేరు వేయనా అని అడిగాను.

"నా పేరెందుకు సార్, బోర్డు మీద ఉండేది రాయండి," అని మేడం ఇంకో గుడ్డు అందుకున్నారు.