ఒక్కో పేగుది ఒక్కో తీరు

నా పని పేగు కణాలను పెంచడం. హైదరాబాద్‌లోని ఒక పరిశోధనశాలలో, మనిషి చిన్నపేగు లోపలి పొర నుంచి తీసిన కణాలను ప్లేట్లలో బతికించి, వైరస్‌లు, బాక్టీరియా ఎదురైనప్పుడు అవి ఎలా స్పందిస్తాయో చూస్తాం.

రోగనిరోధక శక్తి అనగానే చాలామందికి రక్తంలోని తెల్లకణాలే గుర్తొస్తాయి. నిజానికి అలాంటి కణాలు పేగు గోడలోనూ పెద్ద సంఖ్యలో మకాం వేసి ఉంటాయి. వాటికీ మనం తిన్న అన్నానికీ మధ్య అడ్డుగా ఉన్నది ఒకే ఒక్క కణం మందం పొర. ఆ పొర ఊరికే అడ్డుగోడలా పడి ఉండదు. అందులో గాబ్లెట్ కణాలు జిగురు స్రవిస్తాయి. పానెత్ కణాలు బాక్టీరియాను చంపే డిఫెన్సిన్లను వదులుతాయి. టఫ్ట్ కణాలు నులిపురుగుల జాడ పసిగట్టి కింది కణాలకు కబురు పంపుతాయి. ఎమ్ కణాలు పేగులో ఉన్నదాన్ని కాస్త కాస్త పట్టి లోపలి తెల్లకణాలకు అందిస్తాయి. ఆహారాన్ని పీల్చుకునే మామూలు కణం కూడా వైరస్ సోకగానే ఇంటర్‌ఫెరాన్ విడుదల చేసి ఇరుగుపొరుగును హెచ్చరిస్తుంది. మా పరిశోధనంతా ఈ పొర గురించే.

నేను పని నేర్చుకున్నది కాకో-2 కణాల మీద. 1970ల్లో 72 ఏళ్ల ఒక పురుషుడి పెద్దపేగు క్యాన్సర్ నుంచి తీసిన కణాలివి. ఇప్పటికీ ప్రపంచమంతటా ల్యాబుల్లో పెరుగుతున్నాయి. సన్నటి రంధ్రాలున్న ఫిల్టర్ మీద వేసి మూడు వారాలు మీడియా (కణాలకు ఆహారమయ్యే ద్రవం) మారుస్తూ పోతే, పెద్దపేగు నుంచి వచ్చినవే అయినా చిన్నపేగు కణాల పోలిక తెచ్చుకుంటాయి. పైన ఒకటి, కింద ఒకటి ఎలక్ట్రోడ్లు పెట్టి విద్యుత్ నిరోధం కొలిస్తే కణాల మధ్య అతుకులు ఎంత బిగిశాయో తెలుస్తుంది. మాట వినే కణాలు, ఈరోజు వచ్చిన ఫలితమే వచ్చే నెలా వస్తుంది. కాకపోతే అవి చెప్పేది ఒక్క మనిషి సంగతి, అదీ క్యాన్సర్ కణాల సంగతి. పైగా పైన చెప్పిన రకరకాల కణాల్లో అక్కడ ఉండేది దాదాపు ఒకే రకం.

2009లో నెదర్లాండ్స్‌లోని ఉట్రెక్ట్‌లో, హాన్స్ క్లేవర్స్ బృందంలో పనిచేస్తున్న తోషిరో సాటో ఈ దారి మార్చారు. ఎలుక పేగులోని ఒక్క మూలకణాన్ని జెల్‌లో ఉంచి, సరైన ప్రోటీన్లు అందిస్తే అది తనంతట తానే చిన్న పేగు రూపం కట్టుకుంటుందని చూపించారు. దానినే ఆర్గనాయిడ్ అంటున్నాం. 2011కల్లా మనిషి పేగు కణాలకూ ఆ పద్ధతి కుదిరింది.

మా దాకా వచ్చేది ఎండోస్కోపీలో తీసిన రెండు మూడు మిల్లీమీటర్ల ముక్క. దానికి ముందు ఎథిక్స్ కమిటీ అనుమతి, ఆ తర్వాత రోగి సమ్మతి. సమ్మతి పత్రం చదివి వినిపించే పని నాకిష్టం. నల్లగొండ వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయన అంతా విని, “ముక్క తీస్తే మల్ల పెరుగుతదా మేడమ్?” అని అడిగాడు. పేగు లోపలి పొర మూడు నుంచి అయిదు రోజులకోసారి కొత్తదైపోతూనే ఉంటుందని, తీసిన చోటు కూడా త్వరగానే మానుతుందని చెప్పాను. “మరి మీ కాడ ఎన్ని దినాలు బతుకుతది?” అన్నాడు. “ద్రవ నైట్రోజన్‌లో దాచుకుంటే ఏళ్ల తరబడి ఉంటుంది పెద్దాయనా, కావాలన్నప్పుడు తీసి మళ్ళీ పెంచుకుంటాం” అన్నాను. ఆయన నవ్వి సంతకం పెట్టాడు.

ముక్కను ఐసులో పెట్టుకుని తెచ్చాక ఆలస్యం పనికిరాదు. కణాలను పట్టి ఉంచే కాల్షియాన్ని లాగేసే ఇడిటిఎ ద్రావణంలో నానబెట్టి, కుదిపితే మూలకణాలుండే గుంటలు ఊడివస్తాయి. వాటిని మ్యాట్రిజెల్‌లో కలపాలి. ఎలుక కణితి నుంచి తీసే ఈ పదార్థం నెయ్యికి సరిగ్గా తలకిందులు: చల్లగా ఉంటే కారుతుంది, వెచ్చబడితే గడ్డకడుతుంది. అందుకే పిపెట్ టిప్పుల్ని కూడా ఫ్రిజ్‌లో పెడతాం. వెచ్చని ప్లేటులో బొట్లు వేసి, కణాలు అడుగున చేరకుండా ప్లేటును బోర్లించి ఇంక్యుబేటర్‌లో పెడతాం. తర్వాత వింట్, ఆర్-స్పాండిన్, నాగిన్ ప్రోటీన్లున్న మీడియా పోస్తాం. ఒకటి రెండు రోజుల్లో చిన్న బుడగలు కనబడతాయి, వారం తిరిగేసరికి విడగొట్టి కొత్త ప్లేట్లకు మార్చాలి.

రెండు మూడు రోజులకోసారి మీడియా మార్చాల్సిందే. వాటికి సంక్రాంతి లేదు, ఆదివారం లేదు. పండక్కి ఊరెళ్ళాలంటే వంతులు వేసుకుంటాం. ఆ ప్రోటీన్లు కొనాలంటే ధర మండిపోతుంది కనుక, వాటిని స్రవించే వేరే కణాలను పెంచి, వాటి మీడియానే వడగట్టి వాడతాం. ఆ తయారీ విడతకో రకంగా ఉంటుంది. కాబట్టి ప్రతి విడతనూ ముందు పాత ఆర్గనాయిడ్ల మీద పరీక్షించాకే అసలు ప్రయోగంలోకి తీసుకుంటాం. మూలకణాలు పెరగడానికి వింట్ కావాలి, అవి గాబ్లెట్ కణాలుగా, పీల్చుకునే కణాలుగా ముదరాలంటే అదే వింట్ తీసేయాలి. పెంచడానికో మీడియా, ముదరడానికో మీడియా.

ఆర్గనాయిడ్‌తో ఒక చిక్కుంది. పేగులో ఆహారం ఉండే వైపు అక్కడ బుడగ లోపలికి తిరిగి ఉంటుంది. బయట వైరస్ పోస్తే అది తగలాల్సిన వైపు తగలదు. అందుకని బుడగల్ని విడగొట్టి, కాకో-2 లాగే ఫిల్టర్ మీద పరుస్తాం. కింది గదిలో తెల్లకణాలు వేస్తే రెంటి మధ్యా నడిచే సంభాషణ కొంత దొరుకుతుంది. ఎమ్ కణాలు కావాలంటే ర్యాంక్-ఎల్ అనే ప్రోటీన్ కలుపుతాం. రక్తనాళాలు, నరాలు, కోట్లాది బాక్టీరియా ఇక్కడ ఉండవు. కాబట్టి మేం చెప్పేది పొర వరకే, మొత్తం పేగు గురించి కాదు.

కాకో-2 నుంచి వచ్చినవాళ్లకు తల తిరిగేది ఇక్కడే. ఒకే వైరస్, ఒకే మోతాదు, ఒకే రోజు. ఒక దాత కణాల్లో ఉధృతంగా పెరుగుతుంది, మరొకరి కణాల్లో అసలు పెరగదు. దీన్ని ప్రయోగంలో దొర్లిన గందరగోళం అనుకోవడం తేలిక. నోరో వైరస్ చరిత్ర తెలిస్తే అలా అనుకోలేం. 1972లో సూక్ష్మదర్శినిలో కనబడినా, మనిషికి సోకే ఆ వైరస్‌ను ల్యాబులో పెంచడం దశాబ్దాల పాటు ఎవరికీ సరిగా చేతకాలేదు. 2016లో హ్యూస్టన్‌లో మేరీ ఎస్టెస్ బృందం పేగు ఆర్గనాయిడ్ల కణాల్లో పెంచింది. కొన్ని రకాలకు పిత్తరసం కూడా కలపాల్సి వచ్చింది. పనిచేసే ఎఫ్‌యూటీ2 జన్యువు లేని దాతల కణాల్లో మాత్రం ఎక్కువగా వ్యాపించే రకం పెరగలేదు. వైరస్ పట్టుకునే చక్కెర గొలుసును కణం ఉపరితలం మీద అల్లేది ఆ జన్యువే. తర్వాత అలాంటి దాత కణాల్లో ఆ జన్యువును చేర్చి చూస్తే వైరస్ పెరిగింది. అంటే దాతల మధ్య తేడాయే అసలు జవాబు.

ఈ సంగతి మనకు దూరపుది కాదు, మన పిల్లల టీకాల దాకా వస్తుంది. ఢిల్లీలో నవజాత శిశువుల్లో దొరికిన 116ఇ అనే రోటా వైరస్ నుంచి, హైదరాబాద్‌లోని భారత్ బయోటెక్ రోటావాక్ చుక్కల మందు తయారుచేసింది. 2016లో ప్రభుత్వ టీకాల పథకంలో దాన్ని మొదట ప్రవేశపెట్టిన నాలుగు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. మన దేశంలో జరిగిన పరీక్షలో, తీవ్రమైన రోటా విరేచనాలను అది మొదటి ఏడాది సుమారు 56 శాతం అడ్డుకుంది. జబ్బు భారం ఎక్కువున్న చోట ఆ మాత్రం కూడా ఎందరో పిల్లల్ని కాపాడుతుంది. కానీ ధనిక దేశాల్లో నోటి ద్వారా ఇచ్చే రోటా టీకాలకు 85 శాతం పైన ఫలితం వస్తుంది, మన దగ్గర ఏ కంపెనీ టీకా ఇచ్చినా అంత రాదు. తల్లి నుంచి వచ్చిన యాంటీబాడీలు, పోషకాహార లోపం, పేగులో తరచూ ఉండే వాపు, ఇతర సూక్ష్మజీవులు, ఈ చక్కెర గొలుసుల తేడాలు, అనుమానితుల జాబితా పొడుగే. అందులో పొరకు సంబంధించినవి విడదీసి చూడాలంటే ఇక్కడి మనుషుల పేగు కణాలే ప్లేటులో ఉండాలి.

ల్యాబులో కొత్తగా చేరిన పిల్లలు గ్రాఫులు తెచ్చి చూపిస్తుంటారు, దాతలందరి అంకెలూ కలిపి సగటు తీసిన ఒకే గీత. చూడ్డానికి బాగుంటుంది. “వెనక్కి తీసుకెళ్ళి ఒక్కో దాతకూ ఒక్కో చుక్క పెట్టుకుని రా” అంటాను. పక్కకు జరిగిపోయిన చుక్క కనబడితే దాన్ని తుడిచేయమనను. ఆ దాత ఫైలు తెరిచి, ఎఫ్‌యూటీ2 పరీక్ష చేశారా అని అడుగుతాను.