స్విచ్‌లో పాలు పితికిన అవ్వ

మేము అరవంలో చదువుకున్నవాళ్ళం, తెలుగు అక్షరాలు పెద్దయినాక నేర్చుకున్నవి. తప్పులుంటే సర్దుకోండి.

సెలవులకి పుణె నుంచి మనవడు వచ్చినాడు. తొమ్మిదేండ్లు. తెలుగు అర్థమవుతుంది, బదులు మాత్రం ఇంగ్లీషులో వస్తుంది. ఎప్పుడు చూసినా తల వంచుకొని నింటెండో స్విచ్ అనే ఆటపెట్టెతోనే. నాలుగు రోజులు మాకు వాడి నడినెత్తి తప్ప మొగం కనబళ్ళేదు.

ఐదోరోజు, తిట్టేదానికంటే అడిగేది మేలని పక్కన కూర్చున్నాము. వాడికి పండగే. ఆ జపాన్ కంపెనీ 1889లో క్యోటోలో పేకముక్కలు చేస్తా మొదలయిందంట. (రైల్వే క్వార్టర్సులో బతికినవాళ్ళం, పేకంటే మాకు మర్యాదే.) ఈ పెట్టె 2017లో వచ్చింది. చేతిలో ఉంటే 6.2 అంగుళాల తెర. టీవీ పక్కన ఉండే డాక్‌లో దింపితే అదే ఆట టీవీలో, ఆపిన చోటి నుంచే. జంక్షన్లో ఇంజన్ మార్చినట్టు నిలబడే పనిలేదు. డాక్‌లో కరెంటు అందుతుంది గనక లోపలి చిప్పు ఇంకా వేగంగా పనిచేసి, 720 గీతల బొమ్మ 1080 దాకా పోతుంది.

ఆట ఉండే కార్డు మన పాత అట్ట టికెట్టులో సగం కూడా ఉండదు. పిల్లలు నోట్లో పెట్టుకోకుండా దానికి చేదు పూసినారు. పాలు మాన్పించేదానికి వేప పూసినట్టే కదా అని మా ఇంటామె నవ్వింది.

పాల మాట రాగానే వాడు లేచినాడు. రెండు పక్కల ఉండే జాయ్-కాన్‌లను ఊడదీసి ఒకటి అవ్వ చేతికిచ్చినాడు. ‘1-2-స్విచ్’ అనే ఆటలో ఆవు పాలు పితకాలి. పక్కనున్న చిన్న బటన్లు ఒకదాని తర్వాత ఒకటి నొక్కుతా కిందికి లాగాలి. చెయ్యి కదిలేది కనిపెట్టే యంత్రం లోపలే ఉంది. ధార పడితే చేతిలో సన్నగా అదురుతుంది. అన్నిటికంటే వింత, తెర చూడకూడదు, ఒకరి కండ్లలోకి ఒకరు చూస్తా ఆడాలి.

అప్పుడు చూసినాము మా మనవడి కండ్లు.

అవ్వ పెండ్లికి ముందు నాలుగావులు పితికిన మనిషి. మొదట బటన్లు తడబడినాయి, మూడో ఆటకి వాణ్ణి ఓడించింది.

"ఆవు చేపకుండా పాలు రావురా. దూడని విడవాలి ముందు."

"చేపా? ఫిష్షా అవ్వా?"

నవ్వి నవ్వి ఆమెకి పొరబొయ్యింది. ఆ రాత్రే పొదుగు, తలుగు, జున్ను అన్నీ అడిగినాడు, తెలుగులోనే.

మరునాడు పొద్దున్నే ఇద్దరూ పాలాయన కొట్టానికి పోయినారు. ఆవు వాణ్ణి దగ్గరికే రానీలేదు.