ఎర్డాప్ఫెల్ – ఉర్లగడ్డ

జర్మను భాషను నేను వ్యాకరణంతో కాక వంటింటి మాటలతో మొదలుపెట్టాను. ప్రొద్దుటూరు నుండి జమ్మలమడుగు పోయే బస్సులో పదాల పుస్తకం, రాత్రికొక సినిమా, ఆదివారం పులివెందులలోని మేనల్లునితో ఫోనులో వచ్చీరాని సంభాషణ – ఇదీ నా సాధన. 'గుడ్ బై, లెనిన్!' (2003) చిత్రంలో తల్లి కోరిన పాతరకం దోస ఊరగాయకై కొడుకు పడే పాట్లు చూశాక 'గుర్కె' అంటే దోసకాయ అని మళ్ళీ వల్లెవేయవలసిన పని లేకపోయింది.

'ఎందుకంటే' అనే అర్థమిచ్చే 'వైల్' తరువాత క్రియ వాక్యం చివరకు పోతుంది: 'వైల్ ఇష్ నాఖ్ ప్రొద్దుటూర్ ఫారె'. ఇంగ్లీషువారికి ఇది చిక్కు. 'నేను ప్రొద్దుటూరికి పోతాండా' అనే మనకు సహజం.

బంగాళాదుంప జర్మనీలో 'కార్టోఫెల్', ఆస్ట్రియాలో 'ఎర్డాప్ఫెల్', అంటే నేల ఆపిల్. 1995లో ఐరోపా సమాఖ్యలో చేరుతూ ఆస్ట్రియా ఇటువంటి 23 ఆహారపదాలకు జర్మనీ మాటలతో సమాన ప్రతిపత్తిని ఒప్పందంలోనే రాయించుకున్నది.

హైదరాబాదులో చదివే రోజుల్లో తోటివారు నవ్వారని మా మేనల్లుడు ఉర్లగడ్డ, ఎర్రగడ్డ, చెనిక్కాయ అనడమే మానుకున్నాడు. ఈ సంగతి చెప్పగా, "మామా, మన మాటలకూ అట్లాంటి ఒప్పందమొకటి ఉంటే బాగుండు గదా" అన్నాడు. ఒప్పందం దాకా ఎందుకు, మనం పలకడం మానకుంటే చాలునని నాకు తోచింది.