ఏడో నంబరు చొక్కా

మా బరంపురంలో నన్ను ఇప్పటికీ డ్రిల్లు మేస్టారనే పిలుస్తారు. ఉద్యోగం వదిలి చాలా ఏళ్లయినా ఆ పిలుపు నన్ను వదల్లేదు. చెడుగుడు జట్లు కట్టడం, పిల్లల్ని పోటీలకి తీసుకెళ్లడం, గెలిచినా ఓడినా క్షేమంగా ఇళ్లకి చేర్చడం నా జీవితంలో సగం. కాబట్టి అమ్మాయి దగ్గరికి ఆస్ట్రేలియా వెళ్లినప్పుడు ఊళ్లూ సముద్రమూ చూసినదానికంటే మా మనవడు ఆడే మైదానాన్నే ఎక్కువ చూశాను. యాత్రా విశేషాలు మన పత్రికలో చాలామంది రాశారు. నేను ఆట సంగతి రాస్తాను. ఒక్క చోటు కోసం ఇద్దరు కుర్రాళ్లు నిలబడితే పెద్దవాళ్లం ఏం చెయ్యాలన్నదే నేను అసలు చెప్పదలచుకున్నది.

అమ్మాయి, అల్లుడు ఉండేది బ్రిస్బేన్‌లో. మనకి క్రికెట్ ఎంతో అక్కడ రగ్బీ లీగ్ అంత. 1895లో ఇంగ్లండ్ ఉత్తరాన హడర్స్‌ఫీల్డ్ ఊళ్లో కొన్ని జట్లు పాత రగ్బీ సంఘంనుంచి విడిపోయి పెట్టుకున్న ఆట ఇది. గనుల్లో, మిల్లుల్లో పనిచేసే ఆటగాళ్లు ఆటకోసం పోగొట్టుకున్న కూలి ఇవ్వాలా వద్దా అన్నదే ఆనాటి తగువు. కూలీల ఆటగా పుట్టినందుకేమో, చూడగానే నాకు మన చెడుగుడు గుర్తొచ్చింది. ఒకడు ఎదురుగా దూసుకు రావడం, ఇద్దరు ముగ్గురు కలిసి పట్టు పట్టడం, వాడు గింజుకోవడం అన్నీ ఉన్నాయి. కూత ఒక్కటే లేదు.

జట్టుకి పదముగ్గురు. బంతిని చేత్తో వెనక్కే అందించాలి, ముందుకి విసరకూడదు. ముందుకి వెళ్లాలంటే పరిగెత్తాలి, లేకపోతే కాలితో తన్నాలి. పట్టుబడ్డవాడు లేచి బంతిని పాదంతో వెనక్కి దొర్లిస్తే మళ్లీ ఆట సాగుతుంది. అలా ఆరోసారి పట్టుబడితే బంతి అవతలివాళ్లకి ఇచ్చెయ్యాలి. అందుకని ఐదో పట్టు అయ్యేసరికి తన్నాలా, పరిగెత్తాలా అన్నది ఎవరో ఒకరు క్షణంలో తేల్చాలి. అవతలి గీత దాటి బంతిని నేలకి ఆనిస్తే 4 పాయింట్లు. ఆ పైన రెండు నిలువు కర్రల మధ్యనుంచి, అడ్డకర్ర మీదుగా తన్నితే మరో 2.

ఆ తేల్చేవాడే హాఫ్‌బ్యాక్. చొక్కా మీద 7 ఉంటుంది. మన బుర్రకథలో నడిమి కథకుడి లాంటివాడు. పక్క వంతలు ఎంత గట్టివాళ్లయినా కథ నడిపేది అతనే. పెద్ద ఒళ్లు అక్కర్లేదు. ఇక్కడివాళ్లు దేవుడిలా చూసుకునే అలన్ లాంగర్ బాగా పొట్టివాడు. అయినా అతని నాయకత్వంలో బ్రిస్బేన్ బ్రాంకోస్ 1992, 1993, 1997, 1998లలో కప్పు గెలిచింది.

మా మనవడికి పధ్నాలుగేళ్లు. వాడికి ఆ 7 కావాలి. అదే చొక్కా మరో కుర్రాడికీ కావాలి. ఆ రెండోవాడిది సమోవానుంచి వచ్చి స్థిరపడిన కుటుంబం. ఇద్దరూ ఒకే బడి, ఒకే వయసు, ఒకరింట్లో ఒకరు తినేంత స్నేహం. మావాడు బంతిని తన్నితే చూడాలి, మైదానం ఈ మూలనుంచి ఆ మూలకి దారం పట్టి లాగినట్టు వెళుతుంది. రెండోవాడి తన్ను అంత దూరం పోదు, కానీ నోరు ఊరుకోదు. ప్రతి పట్టుకీ లెక్క పైకి చెబుతూ, ఎవరెక్కడ నిలబడాలో కేకేస్తూనే ఉంటాడు.

శిక్షకుడు పగలు ఎలక్ట్రీషియన్ పని చేసుకునే మనిషి. సాయంత్రాలు డబ్బు తీసుకోకుండా పిల్లలకి ఆట నేర్పుతాడు. ఆయన ఆరు ఆటల్లో మూడేసి చొప్పున ఇద్దరికీ 7 ఇచ్చాడు. మిగతా పన్నెండుమందినీ మాత్రం మార్చలేదు. జేబులో చిన్న పుస్తకం పెట్టుకుని ఏదో రాసుకునేవాడు. నేను గట్టున కూర్చుని అది చూసి, ఈయన మన కులస్థుడే అనుకున్నాను. డ్రిల్లు మేస్టార్ల కులం.

ఇంట్లో మాత్రం వాతావరణం వేడెక్కింది. "మనవాళ్లకి క్రికెట్ తప్ప ఇంకోటి రాదని వీళ్ల నమ్మకం మావయ్యగారూ. చూస్తూండండి, మనవాణ్ని పక్కన పెడతారు" అన్నాడు అల్లుడు. అమ్మాయి ఇంకో దారి పట్టింది. "ఆయన మీతో బాగా మాట్లాడుతున్నాడుగా నాన్నా, ఓ మాట వేసి చూడండి" అంది.

ఈ రెండు మాటలూ నాకు కొత్త కాదు. పొరుగు గడ్డ మీద తరతరాలుగా ఉన్న మన పాఠకులకీ కొత్త కాదు. 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడ్డప్పుడు మా బరంపురం మద్రాసు పరగణానుంచి అటు చేరింది. అప్పటినుంచీ మా ఊళ్లో ఏ జాబితా గోడకెక్కినా, అందులో మనవాళ్లు ఎందరని లెక్క చూసుకునే అలవాటు పెద్దవాళ్లకి పోలేదు. ఓ ఏడు నా చెడుగుడు జట్టులో ఎడమ మూలకి ఇద్దరు కుర్రాళ్లు పోటీ పడ్డారు. ఒకడు తెలుగు పిల్లాడు, ఒకడు ఒడియా పిల్లాడు. మనవాడు మెరుపు. కానీ మూల కాపలాకి మెరుపు కంటే ఓర్పు ముఖ్యం. వచ్చినవాడు కాలు చాపేదాకా ఆగాలి, పక్కవాడి చెయ్యి వదలకూడదు, అప్పుడు మడమ దొరకబుచ్చుకోవాలి. మనవాడు ముందే ఉరికేవాడు. నేను ఒడియా కుర్రాణ్ని తీసుకున్నాను. ఆ రాత్రే మన పెద్దలు నలుగురు మా అరుగు మీదికొచ్చి, "మేస్టారూ, మీరే ఇలా చేస్తే ఎలా?" అన్నారు. "ఎడమ మూలకి భాష లేదండీ" అన్నాను. చాన్నాళ్లు ముభావంగానే ఉన్నారు.

జాబితా గోడకెక్కకముందే ఆ తెలుగు పిల్లాడి ఇంటికెళ్లి, వాడికి ఎందుకు చోటు రాలేదో చెప్పి వచ్చాను. ఏడ్చాడు. తర్వాత ఆటే మానేశాడు. ఇప్పుడు బట్టల కొట్టు నడుపుతున్నాడు. కనిపిస్తే నమస్కారం పెడతాడు, పండక్కి పంచె కొంటే ధర తగ్గిస్తాడు. ఆనాటి మాట మాత్రం ఇద్దరం ఎత్తం.

అందుకని అమ్మాయితో, "తాత మాటతో వచ్చిన చొక్కా వాడికి ఒంటి మీద నిలవదమ్మా" అన్నాను. శిక్షకుడే ఓ సాయంత్రం మా చెడుగుడు జట్లు ఎలా కట్టేవాణ్నని అడిగాడు. చెప్పాను. ఈ ఇద్దరి సంగతి మాత్రం నన్నడగవద్దని, ఒకడు నా రక్తమని కూడా చెప్పాను. ఆయన నవ్వి తల ఊపాడు.

ఏడో ఆటకి ముందు మావాణ్ని పక్కకి పిలిచి పది నిమిషాలు మాట్లాడాడు. మేం పది అడుగుల దూరంలో ఉన్నాం. "నీ తన్ను వాడికంటే మంచిది. కానీ ఐదో పట్టు దగ్గర నువ్వు నీ తన్ను గురించి ఆలోచిస్తావు. వాడు అవతలి జట్టులో వెనకవాడు ఎక్కడున్నాడో చూస్తాడు. తప్పు జరిగాక నువ్వు మూగబోతావు, వాడు ఇంకా గట్టిగా అరుస్తాడు. ఈ ఏడాదికి 7 వాడిది. నీకు 14 ఇస్తున్నాను. మార్పు ఆటగాడిగా దిగు, 9వ నంబరు పని నేర్చుకో" అన్నాడు. పుస్తకం తీసి లెక్కలు కూడా చూపించాడు. అందులో గీత దాటిన బంతుల లెక్క లేదు. ఐదో పట్టు దగ్గర ఏం చేశాడు, పొరపాటయ్యాక ఏం చేశాడు, ఈ రెండే ఉన్నాయి. అది చూశాక అల్లుడు మరి మాట్లాడలేదు.

ఆ ఊళ్లో ఏ పిల్లాణ్నడిగినా చెప్పే కథ ఒకటుంది. జొనాథన్ థర్‌స్టన్ బ్రిస్బేన్‌లో పుట్టినవాడు. 2002లో సిడ్నీవారి బుల్‌డాగ్స్ జట్టుతో పెద్ద ఆటల్లోకి వచ్చాడు. అక్కడ 7 బ్రెంట్ షెర్విన్‌ది. 2004 ఫైనల్‌కి కెప్టెన్ స్టీవ్ ప్రైస్ గాయంతో ఆడలేకపోతే, థర్‌స్టన్‌కి మార్పు ఆటగాడిగా చోటు దొరికింది. 16-13తో గెలిచారు. వచ్చిన ఉంగరాన్ని అతను ప్రైస్‌కి ఇచ్చేశాడు. మరుసటి ఏడు టౌన్స్‌విల్‌లోని కౌబాయ్స్ జట్టుకి వెళ్లి 7 తొడుక్కున్నాడు. 2005లో ఆ జట్టు మొట్టమొదటిసారి ఫైనల్ చేరింది, ఏటి మేటి ఆటగాడికిచ్చే డాలీ ఎం పతకం అతనికొచ్చింది. అలాంటివి మొత్తం నాలుగు గెలిచాడు. 2015 ఫైనల్‌లో అదనపు సమయంలో అతను తన్నిన ఒక్క పాయింటుతో కౌబాయ్స్ 17-16తో తొలి కప్పు ఎత్తింది.

మరి బుల్‌డాగ్స్ తప్పు చేసినట్టా? షెర్విన్ 7గా ఆడిన జట్టే కదా 2004లో గెలిచింది! ఎంపిక సరైనదే కావచ్చు, ఎంపిక కానివాడు గొప్పవాడే కావచ్చు. ఈ రెండూ ఒకేసారి నిజం కావచ్చని మనకి మింగుడు పడదు.

ఆ కథకి ఇంకో కొస ఉంది. మెల్‌బోర్న్ స్టార్మ్ జట్టులో కూపర్ క్రాంక్ మాట్ ఆర్ఫర్డ్ వెనక కనిపెట్టుకుని ఉండి, అతను వెళ్లిపోయాక 2006లో 7 అందుకున్నాడు. క్వీన్స్‌లాండ్ రాష్ట్ర జట్టుకొచ్చేసరికి అక్కడ 7 థర్‌స్టన్‌ది. మళ్లీ బల్లే గతి. 2011లో డారెన్ లాక్యర్ రిటైరయ్యాక థర్‌స్టన్‌ని 6కి జరిపి, క్రాంక్‌కి 7 ఇచ్చారు. 2012లో న్యూసౌత్‌వేల్స్‌తో మూడో ఆటలో క్రాంక్ చాలా దూరంనుంచి తన్నిన పాయింటుతోనే క్వీన్స్‌లాండ్ 21-20తో గెలిచింది.

మావాడికి ఈ కథలన్నీ నాకంటే బాగా తెలుసు. తెలిసినంత మాత్రాన దుఃఖం ఆగుతుందా? రెండ్రోజులు గది తలుపు తియ్యలేదు. వాళ్లమ్మ వేసిన పెసరట్టు పళ్లెంలోనే చల్లారింది. మూడోరోజు రాత్రి నా మంచం అంచున కూర్చుని, "తాతయ్యా, మీరైతే ఎవర్ని పెట్టేవారు?" అనడిగాడు.

ముసలితనంలో ఇంత కష్టమైన ప్రశ్న నన్నెవరూ అడగలేదు. "నిన్నే" అంటే ఆ పూటకి నవ్వుతాడు. "వాణ్నే" అన్నాను.

చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "ఎందుకు?" అన్నాడు. కాగితం మీద మైదానం గీసి, నేను గట్టునుంచి చూసినవి ఒక్కొక్కటీ చెప్పాను. వాడు రెండుచోట్ల నన్నే సరిదిద్దాడు. ఎదురు వాదించగలుగుతున్నాడంటే తేరుకుంటున్నాడన్నమాట.

ఆ శనివారం 14 తొడుక్కుని బల్ల మీద కూర్చున్నాడు. చివర ఇరవై నిమిషాలు 9గా ఆడాడు. నేలమీది బంతి అందుకుని 7కి ఇవ్వడం ఆ 9 పని. స్నేహితుడికి అందించినవాటిలో రెండు చేజారాయి. ఆట ఓడిపోయారు. వచ్చే ఏడు 7 కోసం మళ్లీ పోటీ పడతానంటున్నాడు. వస్తుందో రాదో!

మన సంఘంలోనూ ఉగాది నాటకంలో వేషానికీ, ఆటల పోటీల జట్టుకీ, ఉపకార వేతనానికీ ఎప్పుడూ ఎవరినో ఒకరిని ఎంచుతూనే ఉంటాం. ఎంచుకున్నవాడికి దండ వేస్తాం. రెండోవాడు గోడమీది కాగితం చూసి తలదించుకుని వెళ్లిపోతాడు. నా మాటగా ఒక్క పని చెయ్యండి. కాగితం గోడకెక్కే ముందు ఆ రెండోవాడి ఇంటికి వెళ్లండి. ఏం లోటో, ఏం బలమో దాపరికం లేకుండా చెప్పండి. ఏడిస్తే ఏడవనివ్వండి. నిజం చెప్పించుకునే అర్హత వాడికీ ఉంది.