రాయి దొరకని చోట రాతిపిండి కథ

మా కోనసీమలో రాయి దొరకదు. వెటకారం కాదండీ, నిజంగానే. గోదారి తెచ్చి పోసిన ఒండ్రుమట్టి, ఇసక... అంతే. సన్నికల్లు దగ్గర్నుంచి రోడ్డుకేసే కంకర దాకా అన్నీ ఏరు దాటి రావాల్సిందే. అలాంటి చోట పుట్టినవాడు రాళ్ళు పిండి చేసే మిల్లుల గురించి రాయడమేంటంటారా? చదివింది మెకానికల్, చేసేది జావా కోడింగు. కాబట్టి ఏ విషయమ్మీదైనా రాసే హక్కు నాకుందనే అనుకుంటున్నా :)

1995 జనవరి 8న పాశర్లపూడిలో గ్యాస్ బావి అంటుకుంది. మంట ఆర్పడానికి 65 రోజులు పట్టింది. అప్పటికి నేను పుట్టలేదు. మా అమ్మమ్మ మాత్రం ఎవరి పెళ్ళి గురించి అడిగినా "బ్లోఅవుట్‌కి ముందా, తర్వాతా?" అని లెక్కేసుకుంటుంది.

బావి తవ్వుతున్నప్పుడు గ్యాస్ పైకి తన్నకుండా మొదట ఆపేది ఇనప మూత కాదు, బురద. మూత ఆ తర్వాతి కాపలా. 2500 మీటర్ల లోతున మామూలు నీళ్ళైతే చదరపు సెంటీమీటరుకి సుమారు 250 కిలోల బరువుతో నొక్కుతాయి. అడుగున గ్యాస్ అంతకన్నా గట్టిగా తోస్తుంటే చాలదు. అదే బురద నీటికన్నా 1.6 రెట్లు బరువుంటే 400 కిలోలు. ఆ బరువు కోసం కలిపేదే బెరైటీస్ పొడి, మనవాళ్ళ మాటలో ముగ్గురాయి. నీటికన్నా 4.2 రెట్లు బరువు. ప్రపంచంలోని పెద్ద నిక్షేపాల్లో ఒకటి మన రైల్వే కోడూరు దగ్గర మంగంపేటలో ఉంది.

ఇక మిల్లు సంగతి. ముందు బండల్ని జా క్రషర్ కొరుకుతుంది. అడకత్తెరలో పోకచెక్కే అనుకోండి, ఒక దవడ కదలదు, రెండోది కదుల్తుంది. ఆ ముక్కలు రోలర్ మిల్లులోకి వెళ్తాయి. మధ్యలో నిలువు ఇరుసు, దానికి వేలాడే రోలర్లు. ఇరుసు తిరిగేకొద్దీ రోలర్లు రంగులరాట్నం కుర్చీల్లా బయటికి ఎగిసి, చుట్టూ ఉన్న ఉక్కు వలయాన్ని ఒత్తుతాయి. మధ్యలో పడ్డ రాయి నలిగిపోతుంది. కింద నుంచి గాలి కొడతారు. మెత్తటిది గాలితో పైకి పోతుంది, బరకది మళ్ళీ రోలర్ల కిందకే. మనం ధాన్యం తూర్పారబట్టినట్టే.

రాగి, బంగారం ఖనిజాలకి వాడే బాల్ మిల్లు ఇంకా తమాషా. పెద్ద పీపాలో ఉక్కు గుళ్ళేసి తిప్పుతారు. 3 మీటర్ల పీపాని నిమిషానికి 24 చుట్లు దాటిస్తే గుళ్ళు గోడకే అతుక్కుని ఊరికే తిరుగుతాయి, రాయి నలగదు. అందుకే అందులో మూడొంతులు వేగమే ఇస్తారు. మా మేనేజర్లకి ఈ లెక్క చెప్పాలని ఎప్పట్నుంచో కోరిక.

అసలు తిరకాసు మెత్తదనంలో ఉంది. ఏపీఐ ప్రమాణం ప్రకారం (మన ఏపీఐ కాదు, అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్) 75 మైక్రాన్ల జల్లెడ మీద మిగిలేది నూటికి 3 పాళ్ళు మించకూడదు. 6 మైక్రాన్ల కన్నా సన్నంది 30 పాళ్ళు మించకూడదు. బరకైతే అడుక్కి దిగి బురద పైభాగం తేలికైపోతుంది. మరీ సన్నమైతే బురద చిక్కబడి పంపు లాగలేదు. ఇదంతా మా అమ్మమ్మకి చెప్తే "ఇడ్లీ రవ్వ ఆడించినట్టేగదరా, పిండైపోతే ఇడ్లీ బంకసాగిపోద్ది" అని తేల్చేసింది. నాలుగేళ్ళ ఇంజనీరింగు!

మిల్లులో పెట్టిన కరెంటులో సింహభాగం వేడిగా, చప్పుడుగా పోతుంది. రాయిని విడగొట్టడానికి పనికొచ్చేది కొద్ది శాతమే. సన్నగా చేసేకొద్దీ ఖర్చు పెరుగుతుంది, కాబట్టి మిల్లువాడికి బరగ్గా వదిలేద్దామని ఆశ పుట్టడం సహజం. ఆ ఆశకీ, కొబ్బరితోటలో పడుకున్నవాడికీ మధ్య ఉన్న అడ్డాల్లో ఆ 3 పాళ్ళ గీత ఒకటి. పాశర్లపూడి ప్రమాదానికి పొడే కారణమని నేననడం లేదు. నా గోలంతా ఏంటంటే, ఊరికి రిగ్గొస్తే మనం ఉద్యోగాలడుగుతాం, రోడ్డడుగుతాం, పరిహారం అడుగుతాం. బురద బరువెంత, పొడి పరీక్ష కాయితం ఏదీ అని కూడా అడగాలి. టెస్ట్ రిపోర్ట్ లేకుండా లాగిన్ పేజీ కూడా రిలీజ్ చెయ్యనివ్వరే మనల్ని!

అన్నట్టు అమ్మమ్మ ఇంకోటి అడిగింది, ఆ పొడితో ముగ్గేస్తే తెల్లగా వస్తుందా అని. మంగంపేట రాయి ఎక్కువగా బూడిదరంగేనే అన్నాను. ఆవిడకి ఆసక్తి పోయింది.