మిస్ కొట్టే బండి

మా నాయన చేతిపని తోలు. ఆళ్లగడ్డ దగ్గర మా ఊళ్లో బాయిల మీద కపిలలు నడిచిన కాలంలో తోలుబాన కుట్టేది, తొండం కుట్టేది మా మాదిగ గేరే. చచ్చిన ఎద్దును మోసేది మేమే, తోలు తీసేది మేమే, తంగేడు చెక్కలో ఊరబెట్టేది మేమే. ఆ తోలుతో తోడిన నీళ్లు రైతుల చేలల్లో పారినాయి, వాళ్ల కాళ్లు చేతులు కడిగినాయి. ఆ నీళ్లకు అంటు లేదు. మాకు ఉండె. సుగ్గిలో కళ్లం కాడ మేర గింజలు పోసేవాళ్లు. ఎంత పోస్తే అంత. ఇంత పనికి ఇంత ఇయ్యండని అడిగే నోరు మా నాయనకు లేకుండా చేసినారు.

తర్వాత బాయిల మీదికి ఆయిలింజన్లు వచ్చినాయి, వాటెనకాల కరెంటు మోటార్లు. కపిల మూలబడింది. కపిలతో పాటు మా కూడూ మూలబడింది. అయినా మా నాయన ఇంజనును తిట్టలేదు. పొలం గట్టు మీద కూచుని అది కొట్టుకునే చప్పుడే వింటాండె. "ఇది ఎవరు తిప్పినా తిరుగుతాది రా, దీని పని నేర్చుకో" అని నన్ను నంద్యాలకు పంపించినాడు.

నంద్యాలలో నాకు పని నేర్పిన ఉస్తాద్ దూదేకుల సాయిబు. రెండేండ్లు జీతం లేదు, బువ్వ మాత్రం వాళ్లింట్లోనే. ఆయమ్మ మొదటిరోజు నీళ్ల గ్లాసు నా చేతికిచ్చింది. ఊరోళ్ల ఇంట్లో గ్లాసు చేత్తో పట్టుకోవడం నాకు అదే మొదలు. 1991 నవంబరులో పీవీ నరసింహారావు ప్రధానిగా ఉండి నంద్యాల ఉపఎన్నికలో నిలబడినప్పుడు యాడ చూసినా అంబాసిడర్లే. ఆయన 5 లక్షల 80 వేలకు పైగా మెజారిటీతో గెలిచినాడు. మేము రాత్రీ పగలూ బానెట్ల కిందనే ఉంటిమి. నా చెవి ఆ నెలలోనే తయారైంది.

1994లో మా ఊరి పక్క ఊరి భూస్వామి ఒకాయన కబురు పెట్టినాడు. ఆయన అంబాసిడర్ మిస్ కొడుతోంది. అప్పటికే ఎవరో కార్బొరేటరు మూడుసార్లు విప్పి కడిగినారు. బండి ఇంటి ముందరనుంచి కదలనంటోంది.

మిస్ అంటే నాలుగు సిలిండర్లలో ఒకటి పని ఎగ్గొట్టడం. మిగతా మూడే దాని బరువు మోస్తాయి, బండంతా వణుకుతాది. ఏది ఎగ్గొడుతోందో పట్టేదానికి ఖరీదైన మిషను అక్కర్లేదు. ఇంజను నడుస్తుండగా ప్లగ్గు వైర్లు ఒక్కొక్కటే పీకి చూడాల. పీకినప్పుడు చప్పుడు ఇంకా కుంటితే ఆ సిలిండరు మంచిదే. పీకినా తేడా రాకపోతే దొంగ అదే. ఒకటి పీకినా, కుంటింది. రెండు, కుంటింది. మూడు పీకినా, ఏ మార్పూ లేదు.

మూడో ప్లగ్గు విప్పితే పెట్రోలుతో తడిసి నల్లగా ఉంది. అంటే పెట్రోలు వస్తోంది, నిప్పు పడడం లేదు. కార్బొరేటరు పాపం చేయలేదన్నమాట. ప్లగ్గు బొక్క మీద బొటనవేలు పెట్టి, డ్రైవరు చేత హ్యాండిలు తిప్పించినా. గాలి వేలిని తోసేసింది. కంప్రెషన్ కూడా ఉంది. ఆ ప్లగ్గునే రెండో దాంట్లో పెడితే బాగా కాలింది. ఇంక మిగిలింది నిప్పొచ్చే దావ.

డిస్ట్రిబ్యూటరు మూత తీసి ఎండలో తిప్పి చూసినా. లోపల మూడో వైరు కాడ వెంట్రుక మందాన నల్లగీత. కరెంటు ఆ గీత పట్టుకుని పక్కకు పారిపోతోంది. బ్లేడుతో గీత గీకి, పెట్రోలుతో తుడిచి ఆరబెట్టినా. ఆక్సా బ్లేడు ముక్కతో ప్లగ్గుల సందు సరిచేసినా. పాయింట్లు ఫీలరు గేజిలో 15 థౌ ఆకు పెట్టి బిగించినా. స్టార్టు చేస్తే నాలుగూ ఒక్క గొంతుతో పలికినాయి. ఇది ఆపద్ధర్మమే, కొత్త మూత నంద్యాలనుంచి తెప్పించండని చెప్పినా.

ఊరి బయటిదాకా బండి నేనే తోలి చూపించినా. తర్వాత నేను కూచున్న సీట్లోనే ఆయన కూచున్నాడు, నేను పట్టుకున్న స్టీరింగే పట్టుకున్నాడు. దప్పికైతాందంటే మాత్రం ఇంటామె చెంబుతో పైనుంచి నా దోసిట్లోకి నీళ్లు పోసింది. మసి చేతుల్లో నీళ్లు నల్లగా కారినాయి.

"సుగ్గికి రా, బస్తా జొన్నలు తీసుకుపోదువు. మీ నాయన అట్లనే తీసుకుంటాండె" అన్నాడాయన.

1985లో కారంచేడు, 1991లో చుండూరు అయిపోయినాయి. కారంచేడులో గొడవ మొదలైంది కూడా నీళ్ల కాడనే. మా గేరిలో పిల్లోళ్లు పేపరు గట్టిగా చదివి ముసలోళ్లకు వినిపించే కాలం అది. నా నోరు నా నాయన నోరు కాదు.

"మేర వద్దండి. నూటాయాభై కూలి" అన్నా.

ఆయన నన్ను కాసేపు చూసి నోట్లు బానెట్ మీద పెట్టినాడు.

"చేతికియ్యండి" అన్నా.

ఇంజను నడుస్తానే ఉంది. ఎవరూ మాట్లాడలేదు. డ్రైవరు తల దించుకున్నాడు. చివరికి నోట్లు తీసి నా చేతిలో పెట్టినాడు. వేళ్లు తగలకుండా పెట్టాలని చూసినాడు గానీ తగిలినాయి. తర్వాత చానాళ్లు ఆ ఊరినుంచి నాకు కబురు రాలేదు. నేనూ ఎదురుచూడలేదు. ఇంటికొచ్చి చెప్తే మా నాయన భయపడినాడు, రాత్రంతా తలుపు కాడనే పడుకున్నాడు.

అంబాసిడర్ తయారీ 2014లో ఆగిపోయింది. నంద్యాల 2022లో జిల్లా అయింది. ఇప్పుడు నా కొడుకు స్కానరు పెడితే పి0303 అని పడుతుంది. మూడో సిలిండరు మిస్ అని అర్థం. ఏ సిలిండరో మిషను చెప్తాది గానీ కాయిలా, ప్లగ్గా, ఇంజెక్టరా అనేది మళ్లీ మనిషే వెతకాల.

వాడు షెడ్డు బాడుగకు అడగబోతే "మీరెవురు?" అంటారు. ఊరు అడిగినట్టే ఉంటాది, అడిగేది కులమే. "మాదిగోళ్లం. బాడుగెంతో చెప్పండి" అంటాడు వాడు. ముగ్గురు ఖాళీ లేదన్నారు. నాలుగో ఆయన ఇచ్చినాడు. షెడ్డులో ఒక నీళ్ల క్యాను, ఒకటే గ్లాసు. బండి తెచ్చినోళ్లు ఎవరైనా దాంట్లోనే తాగాల. తాగనోళ్లు బండి అయ్యేదాకా దప్పికతో కూచుంటారు.